అందరూ బాగున్న ఊరు

జంషెడ్‌పూర్ చూడ్డానికని ఎవరూ వెళ్ళరు. ఉద్యోగానికి వెళ్తారు, లేకపోతే ఉద్యోగం చేస్తున్నవాళ్ళింట్లో పెళ్ళికి వెళ్తారు. నేను రెండింటికీ కాకుండా వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో అందరూ ఆరా తీశారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పాను. మొత్తం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు బాబు నిద్రపోయాక, వాడి ఉయ్యాల తాడు ఒక చేత్తో పట్టుకుని, మొత్తం రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో ఫిజియోథెరపిస్టుని. మా కాలేజీ, కెనడాలో ఒక విశ్వవిద్యాలయం, ఆఫ్రికాలో ఒక ఆసుపత్రి కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టాయి. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకి ఇప్పుడు మందులు అందుతున్నాయి. ప్రాణం నిలబడుతోంది. కానీ కొందరికి కండ కరిగిపోతుంది, పాదాలు తిమ్మిరెక్కుతాయి, కూర్చుంటే లేవలేరు. నిలబడ్డ ప్రాణానికి పని చేసుకునే బలం ఎలా తేవాలి, ఏ వ్యాయామం ఎవరికి పనికొస్తుంది అన్నదే మా పరిశోధన. జంషెడ్‌పూర్‌లో ఒక చిన్న సంస్థ ఇలాంటివాళ్ళని ఒకచోట చేర్చింది. వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వలస వెళ్ళిన తెలుగువాళ్ళు కాబట్టి, ప్రశ్నలన్నిటినీ తెలుగు చేసే పని నాకిచ్చారు.

చేసి పంపాను. జవాబులు వచ్చాయి. నడవగలరా? నడవగలం. బరువు ఎత్తగలరా? ఎత్తగలం. కింద కూర్చుని లేవగలరా? ఆహా. ఆ ఊళ్ళో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

కెనడా వైపు పని చూసే హెలెన్ అనే పెద్దావిడ ఉత్తరం రాసింది. అవసరం లేనిచోట వ్యాయామ శిక్షణ పెట్టడం అన్యాయం, అక్కడికి అనుకున్న శిక్షకురాలిని ఇంకో ఊరికి పంపుదాం అని. ఆవిడ మాటలో తప్పు లేదు. కానీ నాకు నమ్మకం కుదరలేదు. అవే మందులు వాడుతున్నవాళ్ళని నేను విశాఖలో రోజూ చూస్తున్నాను. ఇక్కడివాళ్ళు గోడ పట్టుకుని నడుస్తుంటే అక్కడివాళ్ళు మాత్రం ఎలా పరిగెడతారు? నేను వెళ్ళి చూస్తానన్నాను. "వెళ్ళు. ఆదివారానికి నేనూ కలకత్తా నుంచి వస్తాను. అప్పటికీ ఇదే జవాబైతే వదిలేద్దాం" అంది హెలెన్.

మా బాబుకి అప్పటికి పద్నాలుగు నెలలు. వాణ్ని వదిలి ఒక్క రాత్రి కూడా ఉండలేదు.

ఇందులో మనుషుల పేర్లు మార్చాను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

రాయగడ దాటాక

మా రైలు కొండల్లోంచి, రాయగడ మీదుగా వెళ్ళేది. పార్వతీపురంలో ఒక ముసలామె చింతపండు మూటతో, గోంగూర కట్టలతో ఎక్కి నా ఎదుటి సీట్లో కూర్చుంది. భర్త రిటైరైనా జంషెడ్‌పూర్‌లోనే ఉండిపోయారట. జంషెడ్‌పూర్ అనదు, "మా టాటా" అంటుంది.

"మా టాటాలో గోంగూర దొరకదని కాదు. దొరుకుతాది. పులుపుండదు" అంది. తరువాత నన్ను ఎగాదిగా చూసి, "గుంటలున్నారా?" అని అడిగింది.

"బాబు. ఏడాది దాటింది."

"మరేడీ?"

"మా అత్తగారి దగ్గర."

"ఓలమ్మ. పాలు తాగే గుంటణ్ణి వొగ్గీసి ఎలగొచ్చేవే?"

పాలు మాన్పించానని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నా జాకెట్టు తడిని చూసి నమ్మలేదని తరువాత అర్థమైంది. తన దుప్పటి తీసి నా భుజాల మీద కప్పింది.

కిటికీ బయట ఆకుల్లేని మోదుగ చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. తిత్లాగఢ్‌లో ఆకు దొన్నెలో వేడి వడలు కొనుక్కున్నాం. ఆవిడ తన ఊరి గురించి గర్వంగా చెప్పుకుంటూ వచ్చింది. క్వార్టర్లలో కరెంటు పోదు, కుళాయిలో నీళ్ళు ఆగవు, రోడ్డు మీద కాగితం ముక్క కనపడదు.

"అంతటా అలాగేనా?" అన్నాను.

"కోటర్లలో. ఇరుకు బస్తీల సంగతి బస్తీలోళ్ళని అడుగు" అని, చింతపండు మూట తలకింద పెట్టుకుని పడుకుంది.

టెల్కో కాలనీ

నేను దిగింది మా పెద్దమ్మ కూతురు పద్మక్క ఇంట్లో. బావగారు టెల్కో అనే లారీల కర్మాగారంలో ఇంజనీరు. కాలనీ అంతా చెట్ల నీడ. ఇళ్ళన్నీ ఒకే అచ్చు. పద్మక్క వాళ్ళ గేటు అనుకుని నేను రెండుసార్లు పక్కవాళ్ళ గేటు తీశాను. రెండోసారి ఆ ఇంటావిడ నన్ను లోపలికి పిలిచి చాయ్ ఇచ్చి మరీ పంపింది.

ఇక్కడ మనుషులు ఎదురుపడితే "బాగున్నారా" అనరు. "ఏ షిఫ్టు?" అని అడుగుతారు. దాంతో ఆ మనిషి ఎప్పుడు తింటాడో, ఎప్పుడు పడుకుంటాడో, ఆ ఇంట్లో రేడియో ఎప్పుడు మోగకూడదో తెలిసిపోతుంది. షిఫ్టు బస్సు వచ్చే వేళకి వీధంతా స్కూటర్లు, సైకిళ్ళు ఒకేసారి కదులుతాయి. పది నిమిషాల తరువాత చూస్తే కుక్కలు తప్ప ఎవరూ ఉండరు.

నేనెందుకొచ్చానో పద్మక్కకి చెప్పాను. ఆమె చేతిలో గరిటె ఒక క్షణం ఆగింది.

"పనమ్మాయి ముందు అనకు" అంది. తరువాత, "నీకేం కాదు కదా? ఇంట్లో చంటివాడున్నాడు" అంది.

తాకితే, పక్కన కూర్చుంటే, వాళ్ళు వండింది తింటే రాదని చెప్పాను. తల ఊపింది. పూర్తిగా ఒప్పుకుందో లేదో తెలియదు. కానీ మర్నాడు పొద్దున నేను అడక్కుండానే పెద్ద డబ్బాలో పులిహోర కట్టి ఇచ్చింది. "వాళ్ళకి కూడా పెట్టు. ఇక్కడ పులిహోర కరువు" అంది.

భుయ్యాడీహ్

సంస్థ ఉన్న భుయ్యాడీహ్ బస్తీకి టెంపోలో వెళ్ళాలి. మన ఆటో లాంటిదే. మనం ముగ్గురం కూర్చునే చోట వాళ్ళు అయిదుగురు కూర్చుంటారు, అదీ నవ్వుతూ. సువర్ణరేఖ నది దగ్గర పడేకొద్దీ ఇళ్ళు దగ్గరగా జరుగుతూ వచ్చి, చివరికి సందులో గొడుగు తెరిచే వీలు కూడా లేకుండా పోయింది.

సంస్థవాళ్ళ గది ఒక దర్జీ కొట్టు వెనకాల ఉంది. బయట బోర్డు లేదు. అడిగినవాళ్ళకి కుట్టుపని నేర్పే చోటని చెబుతారట. లోపల చాప మీద ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. నేను బ్యాగులోంచి తెల్లకోటు తీసి తొడుక్కున్నాను. అప్పటిదాకా గోడకి ఆనుకుని కబుర్లాడుకుంటున్నవాళ్ళంతా నిటారుగా సర్దుకున్నారు. నేనది మర్యాద అనుకుని సంతోషించాను.

"నడవడంలో ఏమైనా ఇబ్బంది ఉందా అండీ?"

"ఠీక్ హై" అంది అందరికన్నా పెద్దామె గౌరమ్మ. నరసన్నపేట దగ్గర ఊరు, అయినా బాగానే ఉందనడానికి హిందీ మాటే వస్తుంది. నోట్లో ఎప్పుడూ వక్కపలుకు.

"మెట్లెక్కేటప్పుడు?"

"ఠీక్ హై."

"కాళ్ళల్లో తిమ్మిరి, మంట?"

"మంటేటమ్మా, మేం నిప్పులోనే పుట్టాం. సబ్ ఠీక్."

అందరూ నవ్వారు. మూల కూర్చున్న రత్నం మాత్రం నవ్వలేదు. ముప్పయ్యయిదేళ్ళుంటాయి. భర్త పోయాడు. ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కింద ఒక వర్క్‌షాపులో ఊడ్చే పని చేస్తుంది. ఆమెని విడిగా అడిగాను. "నాను ఫిట్ మేడమ్" అంది, నా మొహం చూడకుండా.

కళ్ళముందు కూర్చుని లేవమందామంటే, అలా బలవంతం చేయకూడదని మా నియమం. కాగితాలన్నీ మళ్ళీ అవే జవాబులతో నిండాయి. మధ్యాహ్నం పులిహోర పంచాను. అది తిన్నప్పుడు మాత్రం అందరూ నిజం చెప్పారు. ఉప్పు తక్కువైందన్నారు.

వెనక్కొచ్చేటప్పుడు బెంగగా ఉంది. సందు చివర ఝాల్‌మూఢీ బండి ఉంటే రెండు రూపాయల పొట్లం కొన్నాను. మన పిడత కింద పప్పుకి అన్నయ్య వరస. ఆవనూనె ఘాటుకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. చేతిమీద వేసుకున్న తెల్లకోటుకి నూనె మరక అంటింది. ఎంత రుద్దినా పోలేదు.

ఎస్.టి.డి. బూత్‌లో

రాత్రి భోజనాల దగ్గర బావగారితో ఈ సంగతి చెప్పాను. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ నవ్వారు.

"కోటు వేసుకుని వెళ్ళావా?"

"వేసుకునే వెళ్ళాను."

"అయితే ఇంకేం చెబుతారు? ఈ ఊళ్ళో కోటు, కాగితం కలిసి వస్తే దాని పేరు మెడికల్. మెడికల్ పరీక్షలో ఫిట్ అనకపోతే, పనిలోకి రానిచ్చే గేట్ పాస్ ఏమవుతుందోనని అందరికీ గుబులే. నాకు బీపీ రెండేళ్ళుగా ఉంది. అడిగినప్పుడల్లా ఏమన్నాననుకున్నావు?"

"ఏమన్నారు?" అని పద్మక్క అడిగింది. ఆవిడకి ఆ బీపీ సంగతి అప్పుడే తెలిసింది. ఆ తరువాత జరిగిన సంభాషణ నేను వినకుండా చెయ్యి కడుక్కుని బూత్‌కి వెళ్ళిపోయాను.

ఇంటికి ఫోన్ చేస్తే మా అత్తగారు తీశారు.

"వాడు బాగానే ఉన్నాడు. నేనూ బాగానే ఉన్నాను. నువ్వు తింటున్నావా?"

"తింటున్నానత్తయ్యా. నేనూ బాగానే ఉన్నాను."

మేమిద్దరం అంతే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒకరికొకరం బాగానే ఉంటాం. వెనకాల బాబు ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు ఆవిడ పక్కనుంచి కాదు, దూరంనుంచి వస్తోంది. ఎందుకడిగానో నాకే తెలియదు, "వాణ్ని ఎవరెత్తుకున్నారత్తయ్యా?" అన్నాను.

"పక్కింటి లక్ష్మి."

"లక్ష్మి ఎందుకు?"

మీటరు మీద అంకెలు తిరుగుతున్నాయి. "నా కుడిచెయ్యి భుజంపైకి లేవట్లేదే. ఉగాది ముందునుంచీ. నీకు చెబితే ప్రయాణం మానేస్తావని చెప్పలేదు."

ఫిజియోథెరపిస్టుని నేను. ఒకే ఇంట్లో ఉంటున్నాం. "మీకు చెయ్యి నొప్పిగా ఉందా" అని అడిగి ఉంటే ఎన్నిసార్లయినా లేదనే అనేవారు. ఎత్తుకున్నదెవరని అడిగితే లక్ష్మి పేరు చెప్పక తప్పలేదు. ఆ రాత్రి తిరిగి రైలెక్కేయాలని ఎంత అనిపించిందో, ఆదివారం దాకా ఉండి తీరాలని అంత గట్టిగానూ అనిపించింది.

పర్సుడీహ్ సంత

శనివారం పర్సుడీహ్ సంతకి రమ్మని గౌరమ్మే పిలిచింది. మర్నాడు కెనడా ఆవిడ వస్తోంది కాబట్టి ఆదివారం భోజనం బాగుండాలని వాళ్ళ పట్టుదల. కోటు పద్మక్క ఇంట్లోనే వదిలేశాను.

సంతలో ఉత్తరం, తూర్పు, మనవైపు అన్నీ ఒకే గోనెపట్టా మీద కనిపిస్తాయి. దొండకాయల్లాంటి పర్వల్ కాయలు, మునక్కాడలు, ఎండుచేపలు, మట్టి అంటుకున్న అడవి దుంపలు. ఒక సంతాలీ తెగ ఆవిడ ఆకులో చీమల పచ్చడి అమ్ముతోంది. రుచి చూశాను, పుల్లగా బాగుంది, కానీ ఏం తింటున్నానో నాలుక్కి తెలియకముందే మింగేశాను. బియ్యం, పప్పు రుబ్బి నూనెలో వేసే ధుస్కా మాత్రం రెండోసారి అడిగి తిన్నాను. మన దిబ్బరొట్టెని పూరీలా వేయిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

చేపల దగ్గర గౌరమ్మ బేరం చూడాల్సిందే. "ఏటి బాబూ, ఈ చేప నాకంటే ముసల్ది" అని తెలుగులో తిట్టి, హిందీలో ధర అడుగుతుంది. వాడికి తెలుగు రాదు, కానీ తిట్టు అర్థమై ధర తగ్గించాడు.

రత్నం, ఆమె కూతురు మాలతి కూడా వచ్చారు. మాలతికి పదకొండేళ్ళు. తల్లి తెలుగులో ఏం అడిగినా హిందీలో జవాబు చెబుతుంది. మేం ఎండలో రోడ్డు దాటుతుంటే వెనకనుంచి ఒక కూరగాయలతను కేకేశాడు. "ఓ దీదీ, చప్పల్!"

తిరిగి చూస్తే రత్నం ఎడమకాలి చెప్పు రోడ్డు మధ్యలో పడి ఉంది. ఆమె చెప్పు లేని కాలితో, కాగుతున్న తారు మీద, చాలా దూరం వచ్చేసింది. మాలతి వెళ్ళి తెచ్చి, వంగి తల్లి కాలికి తొడిగింది. అలవాటైన పని చేసినట్టు చేసింది.

"పాతది. జారిపోద్ది" అని రత్నం నవ్వింది.

చెప్పు పాతదే. కాలు మాత్రం కాలుతున్న రోడ్డుని గుర్తుపట్టలేదు. ఇబ్బంది ఉందా అని నేను అడగలేదు. చెట్టుకింద కూర్చుని చెరుకురసం తాగుతున్నప్పుడు మామూలు కబుర్లలా, "మీ బస్తీలో నీళ్ళెక్కడివి రత్నమక్కా?" అన్నాను.

"చాపాకల్" అంది. చేత్తో కొట్టే బోరింగు పంపు. "సందు సివర."

"నీళ్ళు ఎవరు తెస్తున్నారు?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "గుంట తెత్తాది."

"అంట్లు?"

"గుంటే."

"మరి బడి?"

దీనికి మాలతి జవాబిచ్చింది, హిందీలో. మొదటి పీరియడ్ ఎప్పుడూ దొరకదట. లెక్కలు మొదటి పీరియడే.

"నోరుముయ్యే" అని రత్నం కసిరి, వెంటనే ఆ పిల్ల నెత్తి నిమిరింది. తరువాత నాతో నెమ్మదిగా అంది: "కూకుంటే లెగలేనమ్మా. తలుపు పట్టుకుని లెగుత్తాను. డ్యూటీలో నిలబడే ఊడుత్తాను, సీపురికి పొడుగు కర్ర కట్టుకుని. ఈ సంగతి ఠేకేదారుకి తెలిత్తే రేపు నా జాగాలో ఇంకోద్ది ఉంటాది. మీ కాగితంలో రాత్తే ఎక్కడెక్కడికి ఎల్తాదో నాకేటి తెలుసు?"

కాగితం మీద పేరుండదు, అంకె ఉంటుంది, ఆ అంకె ఎవరిదో సంస్థవాళ్ళకీ నాకూ తప్ప తెలియదు అని చెప్పాను. ఠేకేదారుకి గానీ ఆసుపత్రికి గానీ వెళ్ళదని చెప్పాను. ఆమె వింటూనే ఉంది, నమ్ముతానని మాత్రం అనలేదు.

గౌరమ్మ వక్క ఉమ్మి, "దీన్నొక్కదాన్నే అడుగుతావేటి? నన్నడుగు. మా ఇంట్లో పిండి రుబ్బీది కోడలు. నానే రుబ్బి దాన్ని మహారాణిలా సూసుకుంతన్నాననుకుంటాది ఊరంతా" అంది.

ఆ మధ్యాహ్నం భుయ్యాడీహ్ వెళ్ళి ఒక్కొక్కరినీ అదే అడిగాను. కూరగాయల సంచీ ఎవరు మోస్తారు, మంచం ఎవరు ఎత్తుతారు, చీర ఎవరు పిండుతారు. ప్రతి ఇంట్లోనూ ఇంకెవరివో చేతులున్నాయి.

ఆదివారం భోజనం

హెలెన్ పొద్దున రైలుకి వచ్చింది. అరవై ఏళ్ళు, తాటిచెట్టంత పొడుగు, ఎండకి మొహం కందిపోయి ఉంది. నేను కనుక్కున్నది దారిలోనే చెప్పాను. శ్రద్ధగా విని, తల అడ్డంగా ఊపింది.

"మూడు దేశాల్లోనూ ఒకే ప్రశ్నలు, ఒకే వరసలో అడగాలని మనం రాసుకున్నాం. నువ్వు ఒక్క ఊళ్ళో వేరేగా అడిగితే ఆ జవాబుని దేనితో పోల్చను?"

"మరి వాళ్ళు చెప్పే 'ఠీక్ హై'ని దేనితో పోలుస్తారు?" అన్నాను. నేను పెద్దవాళ్ళకి ఎదురు చెప్పే మనిషిని కాదు. అయినా ఆపలేదు. "ఆ జవాబు వాళ్ళ కాళ్ళది కాదు హెలెన్. గేట్ పాస్‌ది."

"నీ మాట నేను నమ్ముతాను. నమ్మకం సరిపోదు. నేను స్వయంగా అడగాలి" అంది. అదీ న్యాయమే.

గదిలో ఆమె కుర్చీలో కూర్చుని అడిగింది, నేను తెలుగు చేశాను. కొత్త మనిషి, చేతిలో కాగితాలు, మెడలో గుర్తింపు బిళ్ళ. చాప మీద అందరూ మళ్ళీ నిటారుగా అయిపోయారు. ఠీక్ హై. ఠీక్ హై. గౌరమ్మ కూడా. రత్నం వంతు వచ్చింది. నా వైపు చూసి, ఆ బిళ్ళ వైపు చూసి, "ఫిట్" అంది.

హెలెన్ కలం మూత పెట్టేసింది. అది చూసి నాకు ముందురోజు మాలతి వంగి చెప్పు తొడగడం గుర్తొచ్చింది.

ముందు భోజనం చేద్దామంది గౌరమ్మ. అతిథి తినందే వాళ్ళెవరూ తినరు. అతిథి కుర్చీలో, వాళ్ళు కింద అన్నది అసలు కుదరదు. కాబట్టి హెలెన్‌ని కూడా చాప మీద కూర్చోబెట్టారు. ఆకులో అన్నం, చింతపండు పులుసు పెట్టిన చేపలు, పక్కనే ఆవముద్ద పెట్టిన చేపలు. ఒకటి పుట్టిన ఊరిది, రెండోది ఉంటున్న ఊరిది. హెలెన్ రెండూ తింది. పులుసు మళ్ళీ అడిగింది. ముల్లు తీసుకోవడం గౌరమ్మ నేర్పింది. అంతా సంబరంగా ఉంది.

చేతులు కడుక్కోవడానికి లేవబోయింది హెలెన్. లేవలేకపోయింది. అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి ప్రయత్నించింది. మోకాలు మడత వీడట్లేదు. మొహం తెల్లబడింది. నేను పరిగెత్తుకెళ్ళాను.

"బాగానే ఉన్నాను, బాగానే ఉన్నాను" అంది ఇంగ్లీషులో, పళ్ళు బిగించి.

"ఏటంతాది?" అని గౌరమ్మ అడిగింది.

"బాగానే ఉందట."

గౌరమ్మ ఆవిడని తేరిపార చూసింది. "ఠీక్ హై అంతాది. మనదే బాసన్నమాట."

గదంతా పగలబడి నవ్వింది. ఏమన్నారో చెప్పమని హెలెన్ నన్ను అడిగింది. చెప్పాను. ఆవిడ ముందు ఎర్రబడి, తరువాత తనూ నవ్వడం మొదలుపెట్టింది. రెండేళ్ళుగా ఆ మోకాలు అంతేనని, ఇలాంటి ప్రయాణాలు మాన్పిస్తారని తన కాలేజీలో ఎవరికీ చెప్పలేదని అంది. ఆ మాటా వాళ్ళకి తెలుగు చేశాను.

నవ్వులు ఆగాయి. పక్కనే కూర్చున్న రత్నం నా వైపు తిరిగింది.

"ఆవిడికి సెప్పమ్మా. నానూ లెగలేను" అంది. "ఉత్తినే అనడం కాదు, సూడమను."

చేతులు నేలమీద ఆనించి, పిర్ర ఎత్తి, ముందుకి వంగింది. తొడలు వణికాయి. సగం లేచి పక్కకి ఒరిగి మళ్ళీ కూలబడింది. ఇంకోసారి ప్రయత్నించింది. ఎవరూ సాయం చేయలేదు. చేయొద్దని ఆమె ముందే చెయ్యి అడ్డం పెట్టింది. మూడోసారి తలుపు దాకా పాక్కుంటూ వెళ్ళి, చట్రం పట్టుకుని లేచి నిలబడింది. రొప్పుతూ, "ఇది రాసుకోమను. పేరొద్దు" అంది.

హెలెన్ ఇంకా చాప మీదే ఉంది. కలం తీయలేదు. "ఇంట్లో నీళ్ళు ఎవరు తెస్తారో అడుగు" అంది నాతో.

తరువాత నేనూ ఇంకొకామే పట్టి హెలెన్‌ని లేపాం. ఆ సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. పాత ప్రశ్నలు పాత వరసలోనే ఉంటాయి, తీసేయం, వాటి పక్కన ప్రతి పనికీ "మీ ఇంట్లో ఇది ఎవరు చేస్తున్నారు?" అన్నది మూడు దేశాల్లోనూ చేర్చాలని ఆవిడే అంది. జంషెడ్‌పూర్‌ని వదలడం లేదు. వ్యాయామాలు ఏవి పెట్టాలో ఆడవాళ్ళనే అడిగాం. పీట మీద కూర్చుని లేవడం, తరువాత ఆ పీట తీసేసి లేవడం. ఖాళీ బిందె ఎత్తడం, పావు బిందె, సగం బిందె. రోజూ రాత్రి పాదాలు కడిగి, తెలియకుండా తగిలిన గాయాలకోసం అద్దంలో అరికాలు చూసుకోవడం. చెప్పులకి వెనక పట్టీ కుట్టే పని ముందు గదిలోని దర్జీ ఒప్పుకున్నాడు. ఎందుకని అతను అడగలేదు.

తిరుగు ప్రయాణం

స్టేషన్‌కి పద్మక్క, బావగారు వచ్చారు. బావగారి చేతిలో మందుల పొట్లం ఉంది. "మీ అక్క దయ" అన్నారు. పద్మక్క నాకు లిట్టీలు కట్టి ఇచ్చింది. అవి బొగ్గుల మీద కాల్చిన పిండి ఉండలు, లోపల వేయించిన సెనగపిండి. రైల్లో తింటే ఒక్కటి చాలు, సగం రాష్ట్రం దాటేదాకా ఆకలి వేయదు.

ఇంటికొచ్చేసరికి మా బాబు నన్ను చూసి లక్ష్మి భుజంలో మొహం దాచుకున్నాడు. సాయంత్రానికి గానీ నా దగ్గరికి రాలేదు. ఏడవలేదని చెప్పను. మర్నాటినుంచి మా అత్తగారికి రోజూ గోడ మీద వేళ్ళతో పాకే వ్యాయామం చేయిస్తున్నాను. ఆవిడ వేళ్ళు ఇప్పుడు క్యాలెండరు మేకుదాకా వెళ్తున్నాయి.

నిన్న, వర్షాలు మొదలయ్యాక, భుయ్యాడీహ్ గది పక్కనున్న బూత్ నుంచి రత్నం ఫోన్ చేసింది. పని ఉందట, పాస్ ఉందట.

"ఎలా ఉన్నావు రత్నమక్కా?"

"బాగున్నానమ్మా."

అటునుంచి వాన చప్పుడు వినిపిస్తోంది.

"నీళ్ళు ఎవరు తెస్తున్నారు?"

ఆమె నవ్వింది. "పెద్ద బిందె గుంట తెత్తాది. సిన్నది నానే తెత్తన్నాను. ఇయ్యాల లెక్కల పీరియడ్‌కి అందింది."